సదరు ఠక్కు

మాది నిశ్శబ్ద పట్టణం. ఊరి పేరు కూడా గట్టిగా పలకకూడదని ఉత్తర్వు ఉంది కాబట్టి ఇక్కడ చెప్పను. మున్సిపల్ ఆఫీసు మేనేజరుగా ఆ ఉత్తర్వు టైపు చేయించిందీ, నోటీసు బోర్డుకు చప్పుడు కాకుండా అంటించిందీ నేనే.

ఈ నిశ్శబ్దం మాకు మా కమిషనరు పట్టాభిరామంగారి వల్ల పట్టుకుంది. ఆయన ఏడాదికోసారి ఏదో ఒక శిక్షణకు వెళ్లి, చల్లటి హాల్లో కూర్చుని, గోడ మీద బొమ్మలు చూసి వస్తారు. ఒకసారి మొక్కల పిచ్చితో వచ్చారు. ఆ మొక్కల్ని ఊళ్లో మేకలు శ్రద్ధగా తిన్నాయి. ఇంకోసారి గోడలన్నిటికీ నీలం రంగు వేయించారు. ఈసారి చెవుల వంతు వచ్చింది. శబ్దమే సకల రోగాలకు మూలమనీ, రాష్ట్రంలో మొట్టమొదటి నిశ్శబ్ద పట్టణంగా మా ఊరు చరిత్రకెక్కాలనీ ఆయనకు ఆ హాల్లో తట్టింది.

దిగీ దిగగానే పని మొదలైంది. ఐసు బండి గంట ఊడబీకించారు. ఐసు అమ్మేవాడు పాపం ఇళ్ల ముందు నిలబడి కిటికీల్లోకి దీనంగా చూసేవాడు. గోలీ సోడా కొట్టేటప్పుడు సీసా మీద తడి తువ్వాలు కప్పాలన్నారు. ఇత్తడి కొట్లవాళ్లు బిందెల్ని గోనెల్లో చుట్టి అమ్ముకోవాలన్నారు. అమ్మాయిల హైస్కూల్లో గంట తీసేసి, పీరియడ్ మారినప్పుడల్లా ప్యూను పచ్చజెండా ఊపాలన్నారు. దాంతో పిల్లలు పుస్తకాలు మానేసి రోజంతా జెండా కోసమే చూడడం మొదలుపెట్టారు. బళ్లకు హారన్ నిషేధం. ఊరికి ఆదర్శంగా ఉండాలని ముందుగా మా ఆఫీసు జీపు హారన్ తీగే తెంపించారు. రోడ్డు మీద గట్టిగా అరిచినవాడికి జరిమానా. మా ఊళ్లో జనం బజారులో కూరగాయలు బేరమాడాలన్నా ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడుకునే పరిస్థితి వచ్చింది. చూసేవాళ్లకు ఊరంతా ఏదో కుట్ర పన్నుతున్నట్టుండేది.

అలా ఊరంతా నోరు మూసుకున్నాక ఒక్క చప్పుడు మాత్రం మిగిలింది. అది కమిషనరుగారి జీపుది. బ్రేకు వేసినప్పుడల్లా ముందు వైపు నుంచి ఠక్కుమనేది. ఎప్పటి నుంచి వస్తోందో ఎవరికీ తెలియదు. ఇన్నాళ్లూ ఊరి గోలలో వినబడలేదు. ఇప్పుడు వీధి మొదట్లో జీపు ఆగితే వీధి చివర పడుకున్న ముసలాయన లేచి కూర్చుంటున్నాడు.

కమిషనరుగారు నన్ను పిలిచారు. డ్రైవరు కూర్మినాయుడు అప్పటికే అక్కడ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మేనేజరుగారూ, నేను ఊరికి మౌనం నేర్పుతుంటే నా జీపే నన్ను వెక్కిరిస్తోంది. ఏమిటా చప్పుడు?"

నేను కూర్మినాయుడి వంక చూశాను.

"బ్రేకేస్తే ముందల ఠక్కుమంతాది బాబూ. ఏటో నాకూ తెల్దు," అన్నాడు.

కూర్మినాయుడి గురించి ఒక మాట చెప్పాలి. జుట్టు నల్లగా ఉన్నప్పుడు కాంట్రాక్టు డ్రైవరుగా చేరాడు. తల నెరిసినా కాంట్రాక్టులోనే ఉన్నాడు. ఎట్టకేలకు అతణ్ణి పర్మినెంట్ చేసే ఫైలు కదిలి, అన్ని బల్లలూ దాటుకుని కమిషనరుగారి బల్ల మీదికి వచ్చింది. ఒక్క సంతకం చాలు. ఆ దసరా దాటితే అతనికి వయసు మీరిపోతుంది. ఆ తర్వాత సంతకం పెట్టినా పనికిరాదు. అందుకని అతను ఆ రోజుల్లో జీపుని గుడ్డు మోసినట్టు నడిపేవాడు.

జీపు గురించి కూడా చెప్పాలి. అది ఎంతోమంది కమిషనర్లను మోసింది. ముందు బంపరుకు ఎర్ర బోర్డు, దాని మీద తెల్ల అక్షరాల్లో 'మున్సిపల్ కమిషనర్' అని, కింద అధికారి పేరూ ఉంటాయి. కొత్తాయన వచ్చినప్పుడల్లా కొత్త బోర్డు వస్తుంది. పాతది తీసెయ్యాలంటే అది పనికిరానిదని కమిటీ వేసి తేల్చాలి. ఒక మాజీ కమిషనరుగారి పేరు పనికిరానిదని సంతకం పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? అందుకని పాత బోర్డు ముందే కొత్తది, ఇంకాస్త పొడుగు బోల్టుతో బిగిస్తూ వచ్చారు. అధికారులు బదిలీ అయ్యారు గాని బోర్డులు కాలేదు.

ఆ బోర్డుకు మా ఆఫీసులో ఉన్న మడి దేవుడికి కూడా లేదు. కమిషనరుగారు జీపులో ఉన్నప్పుడే అది కనబడాలి. ఆయన కాలు నేల మీద పెట్టిన మరుక్షణం డ్రైవరు పరుగెత్తుకెళ్లి దానికి ఖాకీ సంచి తొడిగి తాళ్లతో గట్టిగా బిగించి కట్టెయ్యాలి. ఆయన లేకుండా ఆ పేరు రోడ్డు మీద ఊరేగితే హోదాకు భంగం. వెనకటి డ్రైవరొకడు సంచి తొడగకుండా పెట్రోలు కొట్టించడానికి వెళ్లినందుకు చెత్త లారీకి మారిపోయాడు. కూర్మినాయుడు ఆ సంచిని ఎన్నడూ మరిచిపోలేదు.

జీపును షెడ్డుకు పంపాం. మెకానిక్కు దాన్ని అటూ ఇటూ నడిపి, బ్రేకులు తొక్కి, చెవి ఒగ్గి విని, శబ్దమేమీ లేదన్నాడు. లేకపోయినా కమిషనరుగారి జీపు కదా అని బ్రేకు షూలు మార్చాడు. తర్వాత బుష్‌లు మార్చాడు. షాక్ అబ్సార్బర్లూ, కమాన్ కట్టలూ, స్టీరింగు రాడ్లూ మార్చాడు. మార్చడానికి ఇంకేమీ మిగలక, సీటు కవరు కూడా మార్చి పంపాడు. జీపు షెడ్డు నుంచి ఆఫీసుకు మౌనంగా వచ్చింది. కమిషనరుగారు ఎక్కారు. కూర్మినాయుడు సంచి విప్పాడు. గేటు దాటి మలుపు దగ్గర బ్రేకు వేశాడు.

ఠక్కు.

దాంతో 'సదరు శబ్ద మూలాన్వేషణ సంఘం' ఏర్పడింది. మా అసిస్టెంట్ ఇంజనీరు త్రినాథరావుగారు దానికి కన్వీనరు. ఆయన ఏ విషయాన్నయినా మొదట గడ్డం నిమురుకుంటూ చూసి, తర్వాత ఎవరికీ అర్థం కాకుండా రాసే మనిషి. సంఘం జీపెక్కి ఊరంతా తిరిగింది. బ్రేకులు తొక్కించింది. ఇద్దరు సభ్యులు ముందు చక్రాల పక్కన పరుగెత్తారు. ఒకాయన బానెట్ మీద బోర్లా పడుకుని వైద్యుడిలా చెవి ఆన్చాడు. ఖాకీ సంచి కింద బోర్డు భద్రంగా ఉంది. దాని మీద చెయ్యి వేసే సాహసం ఎవరూ చేయలేదు. అడుగు భాగం చూడవలసి వచ్చినప్పుడు కూడా బోర్డు ముందు నుంచి కాకుండా పక్క నుంచి దూరారు. శబ్దం రాలేదు.

త్రినాథరావుగారు నివేదిక ఇచ్చారు. "గౌరవ కమిషనరు గారు వాహనమునందు ఆసీనులై యున్నప్పుడు మాత్రమే సదరు శబ్దము ఉత్పన్నమగుచున్నందున, వారి ఉపస్థితికిని సదరు శబ్దమునకును గల సంబంధము లోతుగా పరిశీలింపదగి యున్నది."

కమిషనరుగారి ముఖం కందిపోయింది.

"అంటే ఆ చప్పుడు నేను చేస్తున్నానంటారా?"

"అబ్బెబ్బే. తమ బరువు అని మా ఉద్దేశం సార్. తమంతటి వారు కూర్చున్నప్పుడు ముందు భాగం మీద పడే భారం..."

బరువు అనే మాట ఆయనకు నచ్చింది. ఆఫీసులో ఇంతవరకు తన బరువును ఎవరూ శాస్త్రీయంగా గుర్తించలేదని అన్నారు. రేషను డిపోలో కాటా మీద ఆయన్ని తూచారు. అది అధికార రహస్యం కనుక అంకెను కవరులో పెట్టి లక్క సీలు వేశారు. ఆ కవరు విప్పకుండా అంతే బరువుకు ఇసుక బస్తాలు తూచమన్నారు. ఎలా తూచారో నన్నడగకండి. ఆ బస్తాల్ని ఆయన సీట్లో కూర్చోబెట్టి, పడిపోకుండా పైన ఆయన శాలువా కప్పి తిప్పారు. బజారులో ఒకరిద్దరు పెద్దమనుషులు బస్తాలకు నమస్కారం పెట్టారు. శబ్దం రాలేదు.

ఇసుకలో జీవం లేకపోవడమే లోపమని సంఘం తేల్చింది. ఇంచుమించు కమిషనరుగారంత ఉండే శానిటరీ ఇన్‌స్పెక్టరు దాలినాయుణ్ణి కూర్చోబెట్టారు. దాలినాయుడికి జన్మలో మొదటిసారి ముందు సీటు దొరికింది. కాలు మీద కాలేసుకుని, దారి పొడుగునా జనానికి చెయ్యి ఊపాడు. అతను కమిషనరు కాదు గనక బోర్డుకు సంచి కట్టే ఉంది. జీపు ఊరంతా తిరిగి వచ్చింది. కిక్కురుమనలేదు.

కమిషనరుగారు చాలాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచించినప్పుడల్లా ఎవరికో ఒకరికి మూడుతుంది.

"జీపు అదే. రోడ్డు అదే. బరువూ అదే. దాలినాయుడు కూర్చుంటే రాని చప్పుడు నేను కూర్చుంటే వస్తోంది. అంటే ఇది యంత్రం తప్పు కాదు. మనిషి బుద్ధి. ఆ డ్రైవరు కావాలని చేస్తున్నాడు. ఫైలు మీద సంతకం పెట్టలేదని నా మీద కసి తీర్చుకుంటున్నాడు."

మెమో నేనే ఇవ్వవలసి వచ్చింది. కూర్మినాయుడు దాన్ని రెండు చేతులా పట్టుకుని నా బల్ల ముందు అలాగే నిలబడిపోయాడు.

"నా కాలు బ్రేకు మీదుంతాది. సెయ్యి టీరింగు మీదుంతాది. మరి నానేటితో సప్పుడు సేస్తాను బాబూ? మా ఇంటిది పైడితల్లి ఆ బడికాడ ఇడ్లీలమ్మి ఇల్లు నెట్టుకొస్తంది. ఈ సంతకం పడితే ముసిలితనంలో పింసనొస్తాదని ఆశెట్టుకున్నాం. ఇప్పుడీ ముక్క రాసిచ్చినారు. నానేటి సెయ్యాల?"

నాకు జాలేసింది. అయితే మా ఆఫీసులో జాలికి ఫైలు లేదు.

"కొన్నాళ్లు చూసుకుని బ్రేకు వెయ్యి నాయుడూ," అన్నాను. అంతకంటే పనికిమాలిన సలహా ఎవరూ ఇచ్చి ఉండరు.

నా సలహా కంటే కమిషనరుగారి ఆలోచన ఇంకా ముందుకెళ్లింది. రాజధాని నుంచి నిశ్శబ్ద పట్టణాన్ని చూడడానికి పరిశీలక బృందం వస్తోందని కబురు అందింది. ఆయన సంఘాన్ని పిలిచి ఒకే ప్రశ్న వేశారు.

"శబ్దం ఎప్పుడు వస్తోంది?"

"బ్రేకు వేసినప్పుడు సార్," అన్నారు త్రినాథరావుగారు.

"వెయ్యకపోతే?"

"రాదు సార్."

"మరి ఇన్నాళ్లూ ఏం వెతుకుతున్నారయ్యా మీరంతా?"

గదిలో చప్పట్లు కొట్టడం నిషేధం కనుక అందరూ అరచేతులు ఊపారు. సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది. "సదరు శబ్దము బ్రేకు వినియోగము వలన మాత్రమే ఉత్పన్నమగుచున్నట్లు నిర్ధారణ యైనందున, ఇకమీదట కార్యాలయ వాహనమునందు ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేనిదే బ్రేకు వినియోగింపరాదు. దీనిని ఉల్లంఘించిన యెడల తీవ్రమైన చర్యలు గైకొనబడును."

బ్రేకు వెయ్యకూడదంటే బ్రేకు వేసే అవసరం రాకూడదు గదా. ఆ బాధ్యత ఇంజనీరింగు విభాగం మీద పడింది. జీపు వెళ్లే దారిలో స్పీడు బ్రేకర్లన్నీ తవ్వించేశారు. అమ్మాయిల హైస్కూలు ముందున్న పెద్దదాన్ని కూడా నేలమట్టం చేసి, తొలగించినట్టు త్రినాథరావుగారు సర్టిఫికెట్టు ఇచ్చారు. కూడళ్లలో మా శానిటరీ సిబ్బంది చీపుళ్లు అడ్డం పెట్టి జనాన్ని ఆపేవాళ్లు. ఆవులకు ఉత్తర్వులు అర్థం కావు కనుక వాటిని బందెలదొడ్లో పెట్టారు. చివరికి ఆఫీసు దగ్గర జీపు ఆగడం ఎలాగన్న ప్రశ్న వచ్చింది. పోర్టికో ముందు మెత్తని ఇసుక గుట్ట పోయించారు. జీపు వచ్చి ఆ గుట్టలోకి దూరి ఆగేది. కమిషనరుగారు ఒక్కసారి ముందుకు ఊగి, దులుపుకుని, హుందాగా దిగేవారు.

కూర్మినాయుడు గేర్లతో, దేవుడి మీద భారంతో బండి నెట్టుకొచ్చేవాడు. ఆ రోజుల్లో అతని ముఖం చూస్తే నాకు భయం వేసేది. దసరాకు ఇంక ఎంతో లేదు. సంతకం పడేదాకా బ్రేకు వెయ్యకుండా ఉంటే చాలునని అతను నాతో అన్నాడు. అన్నాక తనలో తనే, "బడికాడే బయిం బాబూ," అని గొణుక్కున్నాడు.

పరిశీలక బృందం వచ్చింది. హైస్కూలు ఎదురుగా షామియానా వేసి, కుర్చీల కాళ్లకు గుడ్డలు చుట్టి, వాళ్లను కూర్చోబెట్టాం. కమిషనరుగారి జీపు మౌనంగా వచ్చి షామియానా పక్కన పోయించిన ఇసుకలో ఆగాలి. ఆయన దిగి మౌనంగా పుష్పగుచ్ఛం అందుకోవాలి. అంతా అనుకున్నట్టే జరుగుతోంది. వీధి మలుపులో జీపు కనబడింది. ఖాకీ సంచి లేదు. ఎర్ర బోర్డు ఎండలో మెరుస్తోంది.

జీపును చూసి జెండా ఊపి స్వాగతం చెప్పాలని స్కూలు ప్యూనుకు ఎలా తట్టిందో తెలియదు. అతను పచ్చజెండా ఊపాడు. అది ఆఖరి పీరియడ్. జెండా ఊగితే బడి విడిచినట్టే. అమ్మాయిలు ఒక్కసారిగా గేటులోంచి రోడ్డు మీదికి వచ్చిపడ్డారు. ముందున్న పిల్ల సంచీ ఊడిపోతుంటే సర్దుకుంటూ వెనక్కి తిరిగి ఎవరితోనో నవ్వుతోంది. జీపుకు హారన్ లేదు. అంతమందిమి ఉన్నాం. ఒక్కరమూ అరవలేదు. నేను నోరు తెరిచాను. అరిస్తే జరిమానా అన్న ఉత్తర్వు గుర్తొచ్చి మూసేశాను. అరిచింది ఇడ్లీ బండి దగ్గరున్న పైడితల్లి ఒక్కతే.

"ఆపయ్యా! ఆపు!"

కూర్మినాయుడు బ్రేకు మీద నిలబడ్డాడు.

ఆ ఠక్కు మామూలుది కాదు. జీపు ముందు భాగం నుంచి బోల్టు విరిగి, ఎర్ర బోర్డు గాల్లోకి లేచి రోడ్డు మీద పడింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక మరొకటి. మా మాజీ కమిషనర్లంతా వరసగా, పేర్లతో సహా, తారు రోడ్డు మీద దొర్లుకుంటూ వచ్చి ఆ పిల్ల కాళ్ల ముందు ఆగారు. జీపు కూడా అక్కడే ఆగింది. ఆ పిల్ల చెయ్యి చాస్తే బంపరుకు తగులుతుంది. కాసేపు బిక్కచచ్చి నిలబడి, తర్వాత రోడ్డు మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. ఎవరూ జరిమానా అడగలేదు.

అప్పుడు అందరికీ తెలిసింది. పొడుగు బోల్టు మీద వదులుగా వేలాడుతున్న ఆ రేకులన్నీ బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు ఊగి ఒకదానికొకటి కొట్టుకునేవి. కమిషనరుగారు జీపులో లేనప్పుడు సంచి తాళ్లు వాటిని బిగబట్టి ఉంచేవి. అంతకాలం ఊళ్లో వినబడింది మా కమిషనర్ల పేర్లు ఒకదాన్నొకటి తన్నుకునే చప్పుడు.

కమిషనరుగారు జీపు దిగారు. ఏడుస్తున్న పిల్ల పక్క నుంచి వెళ్లి తన బోర్డు ఎత్తి, జేబురుమాలుతో తుడిచారు. తర్వాత కూర్మినాయుడి వైపు తిరిగారు. అతను ఇంకా స్టీరింగు పట్టుకునే ఉన్నాడు.

"బ్రేకు వెయ్యమని ఎవరు చెప్పారు?"

ఆయన్ని అంతకుముందు చాలాసార్లు తిట్టుకున్నాను. ఆ పూట మాత్రం అసహ్యం వేసింది.

సంఘం చివరిసారి కూర్చుంది. సంచి ఎప్పుడూ తొడిగే ఉంచితే చప్పుడు రాదని ఎవరో అన్నారు. అప్పుడు పేరు ఎలా కనబడుతుందని కమిషనరుగారు అడిగారు. పాత బోర్డులు తీసేద్దామన్నారు ఇంకెవరో. దానికి కమిటీ ఎవరు వేస్తారని త్రినాథరావుగారు అడిగారు. చివరికి తీర్మానం ఇలా వచ్చింది: "సదరు శబ్దము హోదా సంబంధమైనదిగా తేలినందున, ఇది నిశ్శబ్ద నియమముల పరిధిలోనికి రాదు." బోర్డులన్నీ ఇంకా పొడుగు బోల్టుతో మళ్లీ బిగించారు. బ్రేకు మీద నిషేధం ఎత్తేశారు.

ఇక కూర్మినాయుడి ఫైలు మిగిలింది. బ్రేకు నిషేధం ఎత్తేశారు గాని, అది అమల్లో ఉండగా జరిగిన ఉల్లంఘన ఉల్లంఘనేనట. ఫైలు మీద 'తిరస్కరించడమైనది' అని రాశారు. నేను ధైర్యం చేసి లోపలికి వెళ్లాను.

"సార్, అతను ఆపకపోతే ఆ పిల్ల..."

"ఆ పిల్లకు ఏమైనా అయిందా?"

"లేదు సార్."

"జరగనిదాన్ని ఫైల్లో ఎలా రాస్తామండీ?" అన్నారు, నాకు ఆఫీసు పని నేర్పుతున్నట్టు.

దసరా వెళ్లిపోయింది. కూర్మినాయుడు స్కూలు ముందు పైడితల్లి బండి దగ్గర ఇడ్లీ పళ్లేలు అందిస్తున్నాడు. జీపుకు కొత్త డ్రైవరు వచ్చాడు. బడి ముందు రోడ్డు నున్నగా ఉంది కదా, అతను ఇంకా జోరుగా పోనిచ్చేవాడు.

ఒకనాటి ఉదయం అక్కడ ఒక స్పీడు బ్రేకరు కనబడింది. ఇటుక ముక్కలూ కంకరా దట్టించి, పైన తారు పూసి, పాతదానికంటే ఎత్తుగా ఉంది. ఎవరు వేశారో ఎవరికీ తెలియదు. కూర్మినాయుడి గోళ్లలో తారు ఉండడం నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు.

త్రినాథరావుగారు గునపాల మనుషుల్నీ, ఫైలుతో సహా నన్నూ వెంటబెట్టుకుని బడి ముందుకు వచ్చి, దాన్ని తవ్వడానికి ఆర్డరు రాయమన్నారు. నేను ఫైలు తెరిచాను.

"దేన్ని తవ్వాలి సార్?"

"ఆ స్పీడు బ్రేకర్ని."

"అది లేదు కదండీ. తొలగించినట్టు తమరే సర్టిఫికెట్టు ఇచ్చారు. ఇప్పుడు ఉందని రాస్తే అది అబద్ధమవుతుంది. లేనిదాన్ని తవ్వమని ఎలా రాస్తామండీ?"

ఆయన గడ్డం నిమురుకున్నారు. తర్వాత, లేని దాని మీద కాలు తగలకుండా జాగ్రత్తగా ఎత్తి దాటి, వెళ్లిపోయారు.

ఇప్పుడు రోజూ బడి వేళకు కమిషనరుగారి జీపు అక్కడికి వస్తుంది. ఎంత జోరుగా వచ్చినా అక్కడ బ్రేకు వెయ్యక తప్పదు. ముందు నుంచి ఠక్కుమంటుంది. గేటు దగ్గర అమ్మాయిలు ఆ చప్పుడు కోసమే ఆగి ఉంటారు. కూర్మినాయుడు జీపు వైపు చూడడు. చట్నీ పోస్తూనే వాళ్లతో అంటాడు.

"ఆగింది. ఎల్లండమ్మా, ఇప్పుడెల్లండి."